పాత ల్యాప్‌టాప్‌ మీద లినక్స్ మింట్ 22: తెర రిజల్యూషన్ విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి నల్లగొండలో నేను పాఠం చెప్పే డిగ్రీ విద్యార్థులూ, గ్రూప్స్ పరీక్షలకు గదులు తీసుకుని చదువుకుంటున్న వారి మిత్రులూ తరచుగా అడుగుతున్న ప్రశ్న, చేతిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను ఇకపై ఎలా వాడుకోవాలన్నది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందటి ప్రాసెసర్లున్న యంత్రాలను విండోస్ 11 సాధారణంగా అంగీకరించదు. కొత్త యంత్రం కొనే స్తోమత అన్ని ఇళ్లకూ లేదు. అటువంటి వారికి నేను విండోస్‌కు బదులుగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22ను, అందులోనూ సిన్నమన్ డెస్క్‌టాప్ ఉన్న కూర్పును సూచిస్తూ వస్తున్నాను. ఈ సమీక్షలో దాని గుణదోషాలన్నిటి జోలికీ పోకుండా తెర రిజల్యూషన్‌కే పరిమితమవుతాను. ఇన్‌స్టాల్ చేసుకుని వెళ్లినవారు మళ్లీ తిరిగి వచ్చేది ఎక్కువగా ఆ ఫిర్యాదుతోనే. పైగా, తెలుగు చదివేవారికి అది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో మింట్ 22 తెరను తనంతట తానే, ఎవరూ వేలు పెట్టనవసరం లేకుండా, సరైన రిజల్యూషన్‌లో నిలబెడుతుంది. ఆ పని జరగనప్పుడు కారణం ఎక్కువగా మింట్‌లో ఉండదు. ఇన్‌స్టాల్ చేసినవారు వదిలేసిన ఒక అమరికలోనో, నాసిరకం కేబుల్‌లోనో ఉంటుంది. అయితే ఆ కారణం ఫలానా అని సూచించే ఒక్క మాట కూడా మింట్ డిస్‌ప్లే విండోలో కనిపించదు. పని చేసినప్పుడు ఇంత చక్కగా పని చేసే వ్యవస్థ, చేయనప్పుడు ఇంత మౌనంగా ఉండడం దాని పెద్ద లోపమని నేను భావిస్తున్నాను.

మింట్ 22 వెలువడింది 2024 జులైలో. అది ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ వ్యవస్థ పునాది మీద నిర్మించినది కనుక 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. కనీసం 2 జీబీ ర్యామ్ కావాలనీ, 4 జీబీ ఉంటే సౌకర్యంగా ఉంటుందనీ తయారీదారులు చెబుతున్నారు. నా అనుభవంలో 4 జీబీకి తక్కువైతే నేటి బ్రౌజర్లతో వేగలేము. నేను దీన్ని ఎక్కువగా చూసింది రెండు రకాల యంత్రాల మీద: 1366×768 తెర ఉన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లు, 1920×1080 తెర ఉన్న 14 అంగుళాల ఆఫీసు ల్యాప్‌టాప్‌లు. రెండో రకం యంత్రాలు కంపెనీలు వాడి తీసేసినవి. మన జిల్లా పిల్లలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల వాటిని కొనుక్కొస్తుంటారు.

తెర సరిగా ఉండడమంటే ఏమిటో ముందు స్పష్టం చేయాలి. పాత డబ్బా మానిటర్లకు ఏ రిజల్యూషన్ ఇచ్చినా దాదాపు ఒకే తీరుగా చూపేవి. ల్యాప్‌టాప్ తెర అలా కాదు. 1366×768 తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు తయారీలోనే స్థిరపడి ఉంటాయి. మన పోచంపల్లి, గట్టుప్పల్ ప్రాంతాల్లో ఇక్కత్ నేసేవారు డిజైన్‌ను గ్రాఫు కాగితం మీద గడి గడికీ లెక్కగా గీసి, ఆ లెక్క ప్రకారమే నూలుకు ముడులు కడతారు. ఒక కొలతకు గీసిన గ్రాఫును మరో కొలత ఉన్న నూలు మీద బలవంతంగా దింపితే గడులు సరిగా కుదరక పువ్వు అంచు చెదిరిపోతుంది. తెర సంగతీ అంతే. కంప్యూటర్ పంపే చుక్కల లెక్కా, తెరలోని చుక్కల లెక్కా ఒకటైతేనే అక్షరం అంచు తేటగా తెగుతుంది.

ఆ లెక్క కంప్యూటర్‌కు తెలిసే మార్గం కూడా చక్కనిదే. ప్రతి తెరలోనూ ఈడిడ్ అనే చిన్న సమాచార పత్రం ఉంటుంది. దాని మూల భాగం పరిమాణం 128 బైట్లు మాత్రమే. తయారీదారు ఎవరు, తెర కొలత ఎంత, తనకు సహజమైన రిజల్యూషన్ ఏది, సెకనుకు ఎన్నిసార్లు చిత్రాన్ని మార్చగలదు అన్న వివరాలు అందులో ఉంటాయి. లినక్స్‌కు గుండెకాయ వంటి కర్నెల్ అనే భాగంలోని గ్రాఫిక్స్ డ్రైవర్, ఇంటెల్ యంత్రాలలోనైతే ఐ915 అనే డ్రైవర్, బూట్ అయ్యే సమయంలోనే ఆ పత్రాన్ని చదివి తెరను దాని సహజ రిజల్యూషన్‌లో పెడుతుంది. లాగిన్ తెర రాకముందే పని పూర్తయిపోతుంది కనుక వాడేవారికి అసలు ఇటువంటి వ్యవహారం ఒకటి జరిగిందన్న సంగతే తెలియదు. నేను చూసిన ఇంటెల్ యంత్రాలలో అత్యధికం ఇలాగే, మొదటి బూట్‌లోనే, సరిగా వచ్చాయి. ఈ విషయంలో మింట్‌కు పూర్తి మార్కులు వేయడానికి నాకు సంకోచం లేదు.

ఇక రాని సందర్భాల సంగతి. చండూరు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో పట్టణంలోని ఒక దుకాణంలో మింట్ వేయించుకుని, రెండో రోజే నా దగ్గరికి తెచ్చింది. "సార్, అక్షరాలు సాగినట్టు కనిపిస్తున్నయి, ఒత్తులు అసలే తెలుస్తలేవు" అన్నది ఆమె ఫిర్యాదు. తెర మీద ఒక దినపత్రిక ఈ-పేపర్ తెరిచి ఉంది. 'రాష్ట్ర' అన్న మాటలో ట వత్తూ, దాని కింది ర వత్తూ కలిసి ఒక బూడిద రంగు మచ్చగా మారిపోయాయి. 'ప', 'ష' తేడా పోల్చడానికి కళ్లు చిట్లించుకోవలసి వచ్చింది. డిస్‌ప్లే విండో తెరిస్తే రిజల్యూషన్ జాబితాలో 1024×768 తప్ప మరేదీ లేదు. అంటే 1366 చుక్కల వెడల్పున్న తెర మీద 1024 చుక్కల చిత్రాన్ని అడ్డంగా మూడో వంతు సాగదీసి చూపిస్తున్నదన్న మాట. ఎత్తు మాత్రం 768కి 768 సరిపోయింది కనుక గుండ్రని అక్షరాలన్నీ కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేశాయి.

ఇంగ్లీషు చదివేవారు ఇటువంటి తెరతో కొంతకాలం సర్దుకుపోగలరు. తెలుగు చదివేవారు సర్దుకోలేరు. ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువగా ఒక్క వరుసలో సాగిపోతాయి. తెలుగులో ఒకే పంక్తి ఎత్తులో తలకట్టో గుణింతపు గుర్తో పైన, అక్షరం నడుమ, వత్తు కింద ఇమడాలి. రెండు వత్తులు వస్తే ఇంకో అంతస్తు కావాలి. సాధారణ పరిమాణంలో ఒక వత్తుకు దక్కే ఎత్తు కొద్ది చుక్కలే. ఆ కొద్ది చుక్కలూ పక్కచుక్కలతో కలగలిసిపోతే ద వత్తుకూ ధ వత్తుకూ తేడా తెలిసే అవకాశమే లేదు. పోటీ పరీక్షల పుస్తకాలను పీడీఎఫ్‌లలో రోజుకు గంటల తరబడి చదివే పిల్లలకు ఇది కంటి మీద పడే భారం. అందుకే రిజల్యూషన్ సరిచేయకుండా లినక్స్ వేసి ఇచ్చే పనిని పూర్తయిన పనిగా నేను లెక్కించను.

ఆ యంత్రంలో కారణం నోమోడ్‌సెట్ అనే ఒక్క మాట. కొన్ని గ్రాఫిక్స్ కార్డులతో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడిపోతుంది. అటువంటప్పుడు గట్టెక్కించడానికి మింట్ బూట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఉంటుంది. ఆ మోడ్ వాడేది నోమోడ్‌సెట్‌నే. ఈ మాట కర్నెల్‌కు ఇచ్చే ఆదేశాలలో చేరితే, గ్రాఫిక్స్ డ్రైవర్ తెరను తన చేతిలోకి తీసుకోవడం మానేస్తుంది. ఈడిడ్ చదవడం, సహజ రిజల్యూషన్ పెట్టడం రెండూ ఆగిపోతాయి. యంత్రంలోనే పొందుపరిచి ఉండే ఫర్మ్‌వేర్ అనే మూల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఏదో ఒక రిజల్యూషన్‌తోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. ఇన్‌స్టాల్ కోసం వాడడంలో తప్పు లేదు, ఆ తర్వాత తీసేయకపోవడమే తప్పు. దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు కూడా స్పష్టంగా ఉంటాయి. రిజల్యూషన్ జాబితాలో ఒకే అంకె ఉంటుంది, వెలుతురు తగ్గించే కీలు పని చేయవు, హెచ్‌డీఎంఐకి కలిపిన రెండో తెరను యంత్రం గుర్తించదు. వీడియో హార్డ్‌వేర్ సాయం లేకుండా సిన్నమన్ నడుస్తున్నదన్న హెచ్చరిక లాగిన్ అయిన వెంటనే మూలన వస్తుంది. ఆ విద్యార్థిని ఆ హెచ్చరికను రోజూ చూస్తూనే ఉంది. అది తెరకు సంబంధించినదని చెప్పినవారు లేరు.

చికిత్స సులభమే, పైగా దాన్ని భయం లేకుండా ముందు పరీక్షించి చూసుకోవచ్చు. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ కీ గానీ షిఫ్ట్ కీ గానీ నొక్కితే, ఏది ఎలా బూట్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అక్కడ ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే పొడవైన పంక్తిలో నోమోడ్‌సెట్ అన్న మాటను మాత్రం చెరిపి, ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి అది లేకుండా బూట్ అవుతుంది. తెర సరిగా వస్తే రోగం అదేనని తేలినట్లు. ఒకవేళ నల్లబడితే మళ్లీ ఆన్ చేస్తే చాలు, పాత స్థితే వచ్చేస్తుంది. సరిగా వచ్చిన తర్వాత, ఈటీసీ డైరెక్టరీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ అనే ఫైలును అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచి, అందులో క్వయట్ స్ప్లాష్ అన్న మాటల పక్కన ఉన్న నోమోడ్‌సెట్‌ను తొలగించి, సేవ్ చేసి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ అన్న ఆదేశాన్ని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో ఇవ్వాలి. రీస్టార్ట్ అయ్యేసరికి ఆమె తెర 1366×768లో నిలబడింది. 'రాష్ట్ర'లోని రెండు వత్తులూ విడివిడిగా కనిపించాయి.

ఇటువంటి స్థితిలో మింట్ డిస్‌ప్లే విండో ఏం చేయాలి? తెర సమాచారం తనకు అందలేదన్న ఒక్క వాక్యం చూపినా చాలు, వాడేవారు ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు. ఇప్పుడున్న విండో ఆ పని చేయడం లేదు. మిగతా విషయాలలో అది మంచి విండోయే. రెండు తెరలను మౌస్‌తో పట్టుకుని కుడి ఎడమలకు జరపడం, ఏది ప్రధానమో చెప్పడం, రిఫ్రెష్ రేటు మార్చడం అన్నీ చేతికి అందేలా ఉంటాయి. తెర భరించలేని రిజల్యూషన్ పొరపాటున ఎంచుకున్నా, మనం ఖాయం చేయకపోతే కొద్ది సెకన్లలో తనంతట తానే వెనక్కి వెళ్తుంది. కొత్తవారికి ఇది గొప్ప భరోసా. మరో సంగతి చెప్పాలి. తెర 800×600 వద్ద ఇరుక్కుపోయిన యంత్రాలలో ఇన్‌స్టాలర్ కింది బటన్లు తెర బయటికి పోయి కనిపించవు; అటువంటప్పుడు ఆల్ట్ కీ నొక్కి పట్టి విండోను మౌస్‌తో పైకి లాగవచ్చు. కనీసం 1024×768 ఉండాలని చెబుతూ, తక్కువైతే ఈ ఉపాయం వాడమని మింట్ తయారీదారులే సూచించారు.

ల్యాప్‌టాప్ సొంత తెర సరిగా ఉన్నా, దాన్ని తరగతి గదిలో ప్రొజెక్టర్‌కు కలిపినప్పుడు రెండో రకం సమస్య ఎదురవుతుంది. మా కళాశాలలో ఒక గదిలో ప్రొజెక్టర్ పైకప్పుకు బిగించి ఉంది. వీజీఏ కేబుల్ గోడ మీదుగా టేబుల్ వరకు వస్తుంది. ప్రొజెక్టర్ సహజ రిజల్యూషన్ 1280×800. మింట్ మాత్రం 1024×768 మించి చూపలేదు. వీజీఏ ప్లగ్గులో 15 పిన్నులకు చోటు ఉంటుంది; వాటిలో 12వ పిన్ను, 15వ పిన్ను చిత్రాన్ని మోయవు, ప్రొజెక్టర్ ఈడిడ్‌ను కంప్యూటర్‌కు చేరవేస్తాయి. తక్కువ ధరకు వచ్చే పొడవైన కేబుళ్లలో కొన్నింటికి ఆ తీగలే ఉండవు. చిత్రం వస్తుంది, సమాచారం రాదు. సమాచారం అందనప్పుడు అన్ని తెరలూ భరించగలిగే 1024×768 వరకే కర్నెల్ సాహసిస్తుంది. యంత్రాన్ని కాపాడే దృష్టితో చూస్తే అది సరైన నిర్ణయమే, కానీ వెనుక బెంచీలో కూర్చున్నవారికి పాఠం మసకగా కనిపిస్తుంది.

ఇక్కడ మింట్ అసలు బలం బయటపడుతుంది, అయితే అది టెర్మినల్ చాటున దాగి ఉంది. ఎక్స్‌ర్యాండర్ అనే ఆదేశం ఇస్తే యంత్రానికి ఏ ఏ తెరలు కలిపి ఉన్నాయో, ఒక్కొక్కటి ఏ ఏ రిజల్యూషన్‌లు ఒప్పుకుంటుందో జాబితా వస్తుంది. ల్యాప్‌టాప్ సొంత తెర ఈడీపీ-1 అనో, పాత యంత్రాలలో ఎల్‌వీడీఎస్-1 అనో, ప్రొజెక్టర్ వీజీఏ-1 అనో కనిపిస్తుంది. తర్వాత సీవీటీ అనే ఆదేశానికి 1280, 800 అంకెలు ఇస్తే, ఆ రిజల్యూషన్‌కు కావలసిన కాలగణన అంకెలను మోడ్‌లైన్ రూపంలో లెక్కగట్టి ఇస్తుంది. ఈ కొలతకు దాని పిక్సెల్ వేగం 83.50 మెగాహెర్ట్జ్‌గా వస్తుంది. ఆ పంక్తిని ఎక్స్‌ర్యాండర్‌కే న్యూమోడ్ అన్న ఐచ్ఛికంతో అప్పగించి, యాడ్‌మోడ్‌తో దాన్ని వీజీఏ-1కు జతచేసి, చివరకు ఆ మోడ్‌ను ఎంచుకోమని చెబితే ప్రొజెక్టర్ తన సహజ కొలతలో వెలుగుతుంది. ప్రొజెక్టర్ కొలత సరిగా తెలిసినప్పుడు మాత్రమే ఈ పని చేయాలి. ఊహించిన అంకెలు ఇవ్వకూడదు.

ఇదే పద్ధతిని 1366×768 తెరకు వాడబోయినవారు ఒక వింత చూస్తారు. సీవీటీ 1366 అడిగితే 1368 ఇస్తుంది. అడ్డపు చుక్కలు 8తో భాగించబడాలని ఆ లెక్కింపు పద్ధతి నియమం. 1366 భాగించబడదు, 1368 భాగించబడుతుంది. దాన్ని అలాగే వాడితే రెండు చుక్కల తేడా మిగిలి, కొన్ని తెరల మీద అక్షరాలు స్వల్పంగా మసకబారతాయి. అందువల్ల ల్యాప్‌టాప్ సొంత తెర విషయంలో సీవీటీ జోలికి పోకుండా, ఈడిడ్ ఎందుకు అందలేదో వెతకడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. వెతికితే దాదాపు ఎప్పుడూ డ్రైవర్ దగ్గరో, నోమోడ్‌సెట్ దగ్గరో తేలుతుంది.

ఎక్స్‌ర్యాండర్‌తో పెట్టిన అమరిక లాగౌట్ కాగానే పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే ఆ ఆదేశాలను ఒక చిన్న స్క్రిప్టుగా రాసి, స్టార్టప్ అప్లికేషన్స్‌లో చేర్చి, అక్కడే ఉన్న ఆలస్యం గడిలో కొద్ది సెకన్లు ఇవ్వాలి. డెస్క్‌టాప్ తన అమరికలు పెట్టుకున్న తర్వాత మనది అమలు కావడానికి ఆ వ్యవధి అవసరం. అయినా ఇది కేబుల్ లోపాన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పడమే. మా గదిలో అన్ని తీగలూ ఉన్న మంచి కేబుల్ వేయించిన తర్వాత, స్క్రిప్టు తీసేసినా, ఏ విద్యార్థి ల్యాప్‌టాప్ తగిలించినా 1280×800 తానే వస్తున్నది. కళాశాలల్లో, బడుల్లో ఇటువంటి గదులున్నవారు ముందు కేబుల్ మార్చి చూసి, ఆ తర్వాతే ఆదేశాల వైపు వెళ్లాలని నా సలహా.

మూడోది చిన్న తెర మీద ఎక్కువ చుక్కల సమస్య. 15.6 అంగుళాల 1366×768 తెరలో అంగుళానికి సుమారు 100 చుక్కలు ఉంటాయి. 14 అంగుళాల 1920×1080 తెరలో సుమారు 157. రెండో తెర మీద అక్షరం ఎంతో తేటగా ఉంటుంది కానీ చిన్నదైపోతుంది. నలభై దాటినవారు వెంటనే రిజల్యూషన్‌ను 1366×768కు తగ్గించుకుంటారు. మా బంధువుల్లో రిటైరైన ఒక ఉపాధ్యాయుడు కూడా అదే చేశారు. అక్షరాలు పెద్దవయ్యాయి, తేట పోయింది. ఫుల్ హెచ్‌డీ తెరకు డబ్బు పెట్టి, దాని ప్రయోజనాన్ని చేజేతులా వదులుకోవడమే అది. రిజల్యూషన్‌ను సహజ స్థాయిలోనే ఉంచి అక్షరాన్ని పెంచుకోవాలి.

దానికి మింట్‌లో రెండు దారులున్నాయి. ఒకటి డిస్‌ప్లే విండోలోని ఫ్రాక్షనల్ స్కేలింగ్. 2020లో మింట్ 20తో వచ్చిన ఈ సదుపాయాన్ని ఇంకా ప్రయోగాత్మకం అనే చెబుతున్నారు, అలా చెప్పడం నిజాయితీగానే ఉంది. తెర మీద విండోలను చూపే ఎక్స్11 అనే పాత వ్యవస్థ మీద నడిచే సిన్నమన్ దీనికోసం గీసిన చిత్రాన్ని మళ్లీ కొలత మార్చి తెరకు పంపుతుంది; పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద ఆ భారం తెలుస్తుంది, వీడియోలు చూసేటప్పుడు ఫ్యాను మోత పెరుగుతుంది, ఒత్తుల అంచులు కొంత మెత్తబడతాయి. రెండో దారి ఫాంట్ సెలక్షన్ విండోలోని టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్. దాన్ని 1.0 నుంచి 1.2కో 1.3కో జరిపితే మెనూలలో, విండోలలో, ఫైళ్ల పేర్లలో అక్షరాలు మాత్రమే పెరుగుతాయి. చిత్రాన్ని సాగదీయడం ఉండదు కనుక ప్రతి వత్తూ తన అసలు చుక్కల మీదే నిలుస్తుంది. చిహ్నాలు అంతే పరిమాణంలో ఉండిపోవడం దీని లోటు. తెలుగు చదవడమే ప్రధానమైనవారికి నేను సందేహం లేకుండా రెండో దారినే సూచిస్తాను. ఆ ఉపాధ్యాయుడి యంత్రంలో 1920×1080కు తిరిగి తెచ్చి 1.3 పెట్టాను; బ్రౌజర్‌లో జూమ్ విడిగా కొంత పెంచాను. ఆయన ఇప్పుడు ఈ-పేపర్ కళ్లద్దాలు సవరించుకోకుండా చదువుతున్నారు.

తెర సరైన కొలతకు వచ్చాక కూడా తెలుగు బొద్దుగానో పలచగానో అనిపిస్తే, కారణం ఫాంటు కావచ్చు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ వేస్తే పోతన 2000, వేమన 2000 ఫాంట్లు వస్తాయి; దీర్ఘంగా చదవడానికి పోతన నాకు హాయిగా ఉంటుంది. ఫాంట్ సెలక్షన్‌లోనే అక్షరాల అంచులను తీర్చే హింటింగ్, యాంటీ అలియాసింగ్ అమరికలు ఉన్నాయి. 1366×768 తెరల మీద వాటిని మార్చి చూడడం వల్ల నిజంగా ప్రయోజనం కనిపిస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు అచ్చువేసే డీటీపీ పనికి పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడేవారు మింట్‌కు మారితే ఆ పని ఆగిపోతుంది. అవి విండోస్ కోసం చేసినవి. వారు ఈ సమీక్ష చూసి తొందరపడవద్దు.

ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డున్న యంత్రాలకు మొదటి బూట్‌లోనే అంత నమ్మకం ఇవ్వలేను. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో సొంత తెర సాధారణంగా ఇంటెల్‌కే కలిపి ఉంటుంది కనుక దానికి ఇబ్బంది రాదు. కొన్నింటిలో హెచ్‌డీఎంఐ రంధ్రం ఎన్‌విడియాకు కలిపి ఉంటుంది, అక్కడ బయటి తెర తికమక పెడుతుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సిఫారసు చేసిన డ్రైవర్‌ను వేసి రీస్టార్ట్ చేస్తే చాలావరకు తీరుతుంది. చాలా పాత కార్డులకు ఎన్‌విడియాయే తన డ్రైవర్లను నిలిపివేసింది. వాటికి నువో అనే ఉచిత డ్రైవరే ఆధారం. ఇక టీవీకి కలిపినప్పుడు నాలుగు అంచులూ కోతపడి కనిపిస్తే లినక్స్‌లో వెతకనవసరం లేదు. టీవీ మెనూలో చిత్రం కొలతను జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో మారిస్తే సరిపోతుంది.

ఉబుంటు 24.04తో పోల్చి చెప్పమని కొందరు అడుగుతున్నారు. సొంత తెరను గుర్తించడంలో రెండింటికీ తేడా లేదు. కర్నెల్ చేసే పని అది, ఇద్దరికీ పునాది ఒకటే. కానీ ఉబుంటు సాధారణంగా ఎక్స్11కు బదులుగా వచ్చిన వేలాండ్ అనే కొత్త వ్యవస్థ మీద నడుస్తుంది, అక్కడ పైన చెప్పిన ఎక్స్‌ర్యాండర్ ఆదేశాలు తెరను మార్చలేవు. కర్నెల్‌కే సమాచారం అందించే కష్టమైన దారి పట్టాలి. మింట్ 22లో ఎక్స్11 ఇంకా ప్రధానం, వేలాండ్ ప్రయోగ దశలో ఉంది. పాత ప్రొజెక్టర్లు, పాత కేబుళ్లతో పని చేయవలసిన మన బడులకు, కళాశాలలకు ఇప్పటికి మింట్ అమరికే అనుకూలం. వేర్వేరు కొలతల రెండు తెరలకు వేర్వేరు స్కేలింగ్ కావలసినవారికి మాత్రం వేలాండ్ మేలు చేస్తుందని ఒప్పుకోవాలి.

పాత ల్యాప్‌టాప్ కొనబోయేవారు ఒక పని చేస్తే ఈ సమస్యలు సగం ఇంటికి రావు. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికి వెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే అది లైవ్‌గా నడుస్తుంది, అందులోని డిస్క్‌ను ముట్టుకోదు. కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోకుండా మొదటి వరుసతోనే బూట్ చేసి, డిస్‌ప్లే విండోలో తెర సహజ రిజల్యూషన్ వచ్చిందో లేదో, వెలుతురు కీలు పని చేస్తున్నాయో లేదో చూసి, ఒక తెలుగు పేజీ తెరిచి వత్తులు చదవండి. వీలైతే అక్కడున్న మానిటర్ ఒకటి తగిలించి చూపమని అడగండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఆ యంత్రానికి డబ్బు కట్టవద్దు.